ద్విచక్రము – జీవవాక్కు

లోకమున కోటలకును, రాజవంశములకును, యుద్ధములకును చరిత్రలు వ్రాసినవారు పెక్కండ్రు గలరు. వాకిటి గోడకు చేరవేసిన సైకిలునకు చరిత్ర యేమి గలదని పలువురు తలంతురు. కాని యిటీవలి కాలమున యానాము, కాకినాడ, అమలాపురము ప్రాంతముల యువతీయువకులు విదేశములకు పోగోరి ఆంగ్లభాషా పరీక్షకు కూర్చుండినపుడు, పరీక్షాధికారి వారిని రాజులనుగూర్చి యడుగుట లేదు. సైకిలువంటి సామాన్య వస్తువులనుగూర్చి యడుగుచున్నాడు. నీకు సైకిలు తొక్కుట వచ్చునా? ఎవరు నేర్పిరి? మీ యూర సైకిళ్ల వాడుక యెట్లున్నది? మోటారు వాహనములు పెరిగిన ఈ దినములలో సైకిలు నిలుచునా? ప్రశ్నలు ఈ తీరున నుండును.

వ్యాకరణ సూత్రములు కంఠస్థము చేసి, నిఘంటువులు తిరుగవేసి వచ్చిన విద్యార్థి ఈ చిన్న ప్రశ్నయొద్ద తడబడుచున్నాడు. బాల్యమునుండి చేతితో తాకి, కాలితో తొక్కిన వస్తువునుగూర్చి రెండు నిమిషములు మాటాడజాలకున్నాడు. ఆ తడబాటు వెల స్వల్పము కాదు. ఎకరము చేను తాకట్టు పెట్టి రుసుము కట్టిన కుటుంబములు గలవు. పరీక్షలో వచ్చు ఒక్క అంకెలో అరవంతు తగ్గినను ఆ యేటి ప్రయాణము నిలిచిపోవుట కలదు. కనుక సైకిలు చరిత్రయు, నోటి పరీక్ష చరిత్రయు నెట్లు కలిసికొనెనో విచారించుట నిష్ప్రయోజనము కాదు.

మాటల చుట్టరికము

'సైకిలు' అను మాటకు మూలము గ్రీకుభాషలో చక్రమను నర్థముగల 'కుక్లోస్'. ఈ కుక్లోస్ శబ్దమును, సంస్కృతమునందలి చక్రశబ్దమును ఒక్క మూలమునుండియే పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఫ్రెంచివారు మొదట ఈ వాహనమునకు 'వెలోసిపేడ్' అని పేరిడిరి. వేగముగల పాదమని దాని యర్థము. లాటినుభాషలో పాదమును 'పేస్' అందురు. అదియు సంస్కృత పాదశబ్దమునకు జ్ఞాతియే. సైకిలు పెడలు అను మాట కూడ ఆ వంశమునందే పుట్టినది.

నోటి పరీక్షకు విశ్వవిద్యాలయములలో వాడు పేరు 'వైవా వోసీ'. ఇదియు లాటిను మాటయే. 'వీవుస్' అనగా జీవించునది, 'వోక్స్' అనగా వాక్కు. ఇవి జీవ, వాక్ శబ్దములకు దాయాదులు. కావున నోటి పరీక్ష యనగా జీవవాక్కును పరీక్షించుట. చక్రము, పాదము, జీవము, వాక్కు అను నాలుగు మాటలును దూరదేశమున వేషము మార్చుకొని తిరిగి యింటికి వచ్చిన బంధువులవంటివి. పరీక్షకు పోవువాడు వీనిని పరాయివారని భయపడ నక్కర లేదు.

1817వ సంవత్సరము

ఈ చరిత్రలో 1817వ సంవత్సరము విశేషమైనది. 1815లో తూర్పు ఇండియా దీవులలోని తాంబోరా యను అగ్నిపర్వతము బ్రద్దలయి, దాని ధూళి ఆకాశమంతట వ్యాపించెను. తత్ఫలితముగా 1816లో యూరపు ఖండమున వేసవియే కానరాలేదు. పైరులు చెడెను, గుఱ్ఱముల దాణా ధర పెరిగెను. 1817 జూన్ 12వ తేదీన జర్మను దేశమున మన్‌హైము నగరమునందు కార్ల్ ఫాన్ డ్రైస్ అను నతడు కొయ్యతో చేసిన రెండు చక్రముల వాహనముపై గూర్చుండి, కాళ్లతో నేలను తన్నుకొనుచు సాగిపోయెను. గుఱ్ఱమును మేపుట కష్టమైన కాలమే ఈ యూహకు ప్రేరణమని కొందఱు చరిత్రకారుల యభిప్రాయము. పెడలు లేని ఆ వాహనమే సైకిలునకు ఆది.

యానాము చరిత్రలోను ఆ కాలము మరపురానిది. నెపోలియను యుద్ధముల నాట ఆంగ్లేయుల చేజిక్కిన ఫ్రెంచి స్థావరములు, 1814 నాటి పారిసు సంధి ననుసరించి 1816–17 సంవత్సరములలో తిరిగి ఫ్రెంచివారి కొప్పగింపబడెను. నాటినుండి 1954 వఱకు యానామున ఫ్రెంచి జెండాయు, పొలిమేర దాటినంతనే నీలపల్లి ప్రాంతమున ఆంగ్లేయుల యధికారమును (1947 వఱకు) నడచెను. ఒక పూట నడకలో రెండు రాజభాషలు వినబడిన చోటది.

ఆ 1817లోనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను చెన్నపట్టణమునకు వచ్చెను. కంపెనీ కొలువులో చేరిన దొరలకు దేశభాషలు నేర్పుటకు 1812లో స్థాపింపబడిన సెంటుజార్జి కోట కళాశాలయందు అతడు తెలుగు మొదలుపెట్టెను. దొరలు దేశభాషలలో పరీక్ష యిచ్చిన పిమ్మటనే కొలువులకు పోవలసియుండెను. 1820లో అతడు కడపకు పంపబడెను. తరువాత బందరు, రాజమహేంద్రవరములలోను పనిచేసెను. 1852లో వెలువడిన అతని నిఘంటువును తెలుగువారు నేటికిని వాడుచున్నారు.

ఇచ్చట గమనింపదగిన ధర్మ మొకటి గలదు. పరభాషలో పరీక్షకు నిలుచుట తెలుగువారికి మాత్రమే వచ్చిన కష్టము కాదు. ఒకనాడు ఆంగ్లేయుడును తెలుగు పరీక్షకు నిలిచెను. బ్రౌను పండితుల గ్రంథములతో తృప్తిపడక, వేమన పద్యములను, సామెతలను, ఇరుసు, కందెన, కాడి, మేడి వంటి కాపు మాటలను సేకరించెను. బండి చక్రపు కమ్మిని లోనుండి మోయు కొయ్యను 'ఆకు' అందురని నిఘంటువున చేర్చుట చిన్నతనమని అతడు తలపలేదు. సామాన్య వస్తువుల పేరులు తెలియుటయే భాష తెలియుట యని అతడు గ్రహించెను.

చక్రము తిరిగిన తీరు

డ్రైసు వాహనమునకు పెడళ్లు చేరుటకు సుమారు అర్ధశతాబ్ది పట్టెను. 1860 దశకమున పారిసు నగరమున మిషో పనిశాలలో ముందు చక్రమునకు పెడళ్లు తగిలించిన వాహనములు తయారయ్యెను. అట్టి యంత్రమునకే పియేర్ లాల్మాఁ అను ఫ్రెంచివాడు 1866లో అమెరికాలో హక్కుపత్రము పొందెను. ఆ తరువాత సన్నని యినుప పుల్లల చక్రము వచ్చెను. బండి చక్రపు ఆకు బరువును క్రిందనుండి నిలిచి మోయును. సైకిలు పుల్ల బరువును పైనుండి లాగిపట్టి మోయును. అందువలననే వేలికన్న సన్నని పుల్లలు రెండు బస్తాల ధాన్యమును మోయగలవు. 1885లో ఇంగ్లాండున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, వెనుక చక్రమునకు గొలుసుతో 'రోవర్' సైకిలును సిద్ధపరచెను. 1888లో డన్‌లప్ సైకిలునకు గాలి టైరును తెచ్చెను. 1891లో మిషెలిన్ సోదరులు సులువుగ ఊడదీయదగిన టైరును తెచ్చిరి. నేటి సైకిలు నాటి యాకారముననే యున్నది.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక యవసరము. 1791లో సివ్రాక్ ప్రభువను ఫ్రెంచివాడు సైకిలును కనిపెట్టెనని పెక్కు పుస్తకములలో వ్రాయబడియున్నది. 1891లో బోద్రీ ద సోన్యే యను ఫ్రెంచి రచయిత ప్రకటించిన కథ యిది. ఆ సివ్రాకు అట్టి సైకిలును చేయనే లేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఒకరు వ్రాసినదానిని పదుగురు తిరిగి వ్రాసినంత మాత్రమున దొంగలెక్క నిజలెక్క కాదు. వల్లించిన పాఠమునకు గల ప్రమాద మిదియే.

భారతదేశమునకు మొదట సైకిళ్లు ఇంగ్లాండునుండి వచ్చెను, రాలీ, బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ పేరులు పల్లెలలో గూడ ఇంటిపేరులవలె వినబడెను. 1949లో చెన్నపట్టణ సమీపమున టి.ఐ. సైకిల్సు సంస్థయు, 1951లో సోనీపట్టున అట్లాసును, 1956లో లూథియానాలో హీరో సైకిల్సును ఏర్పడిన పిమ్మట అది రైతుబిడ్డకు అందుబాటయ్యెను.

గోదావరీ మండలమున సైకిలునకు బాట వేసినది మఱియొక మహాకార్యము. ధవళేశ్వరమున 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటను పూర్తిచేయించిన ఆనకట్టనుండి కాలువలు నలుదెసల బారెను. పడవలు పోవుటకై త్రవ్విన కాలువల గట్లు తరువాతి తరమున సైకిలు బాటలయ్యెను. గౌతమిపై ఎదుర్లంక వంతెన కట్టకమునుపు, ఏటి కావలకు పోవువారు సైకిలును పడవలో నెక్కించుకొని దాటుచుండిరి. కొబ్బరికాయల గెలలు, పాలబిందెలు, చేపల గంపలు, తపాలా సంచులు దానిపై సాగెను. పెండ్లిమాటలలో అల్లునికి సైకిలు, చేతిగడియారము, రేడియో యను మూడును కోరుట ఒక కాలమున ఆచారమయ్యెను. స్థానిక సంస్థలు సైకిలుపై పన్ను విధించి బిళ్ల యిచ్చెడివి. బిళ్ల లేని సైకిలును, దీపము లేని సైకిలును పట్టుకొనెడివారు. ఇది యంతయు చిన్న చరిత్రయే. కాని ఇంటింటికి తెలిసిన చరిత్ర.

స్వారీ పరీక్ష, వాక్పరీక్ష

ఆంగ్లేయ ప్రభుత్వము తన పెద్ద యుద్యోగమునకు వాహన మెక్కుటను గూడ పరీక్షించెడిది. సివిల్ సర్వీసు పరీక్షలో చదువున నెగ్గినవాడును గుఱ్ఱపుస్వారీలో నెగ్గవలెను. శ్రీ అరవిందులు 1890లో ఆ పరీక్ష వ్రాసి యుత్తీర్ణులయ్యును, 1892లో స్వారీ పరీక్షకు హాజరు కాకపోవుటచే ఉద్యోగమునకు తీసికొనబడలేదు. ఆ కొలువు తమకు ఇష్టము లేకయే అట్లు చేసితిమని తరువాత ఆయన చెప్పిరి. 1910 ఏప్రిల్ 4న ఆయన ఫ్రెంచివారి పుదుచ్చేరి చేరిరి. యానామును పాలించిన పట్టణ మదియే. గుఱ్ఱ మెక్కుట ప్రభువుల లక్షణముగా నెంచబడిన కాలము పోయి, సైకిలునుగూర్చి మాటాడుట సామాన్యుని యోగ్యతగా నెంచబడు కాలము వచ్చెను.

వాక్పరీక్షకును వంశావళి గలదు. ఫ్రెంచివారి 'బాకలోరియా' పరీక్షను నెపోలియను 1808లో స్థాపించెను. 1809లో జరిగిన మొదటి పరీక్ష యంతయు నోటితోనే నడచెను. ఆంగ్లభాషకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1913లో పరదేశీయులకొఱకు ఒక పరీక్ష నేర్పరచెను. పండ్రెండు గంటల ఆ పరీక్షలో ఒక గంట నోటి పరీక్ష. దానికి కూర్చుండినవారు ముగ్గురు, ముగ్గురును తప్పిరి! తొలి పరీక్షలో ఎవ్వరును నెగ్గని ఈ వృత్తాంతము నేటి విద్యార్థులకు ధైర్య మీయదగినది.

యానాముపై ఫ్రెంచి పాలన 1954లో ముగిసెను. 1956 మే 28 నాటి యొప్పందమున, ప్రజాప్రతినిధులు మఱియొక విధముగా నిర్ణయింపనంతవఱకు ఫ్రెంచి అధికారభాషగా నుండునని వ్రాసికొనిరి. 1962 ఆగస్టు 16న ఆ యొప్పందము అమలులోనికి వచ్చెను. 1965 నాటి చట్టము యానామున తెలుగును అధికార వ్యవహారములకు వాడవచ్చునని యనుమతించెను. రాజభాషలు మాఱినను ఇంటిభాష మాఱని యూరది. ఒక భాష నేర్చుటకు మఱియొక భాషను విడువ నక్కర లేదనుటకు యానామే సాక్షి.

అవధానపు అప్రస్తుత ప్రసంగము

ఈ వాక్పరీక్ష తెలుగువారికి నిజముగా క్రొత్తదియా? తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో కడియమున జన్మించి, యానాము ప్రాంతమున బాల్యము గడపి, విద్య నేర్చినవారు. ఆయనయు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును అవధానవిద్యను ఊరూర ప్రచారము చేసిరి. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును గూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు; ఒకరు దత్తపది నిత్తురు; ఒకరు అక్షరమును నిషేధింతురు; వేఱొకరు గంట కొట్టుచుందురు. ఇంకొకరి పని అప్రస్తుత ప్రసంగము. అవధాని చిత్తమును చెదరగొట్టుటకై ఆయన వంకాయ ధర యడుగును, అత్తవారింటి ముచ్చట యడుగును. అవధాని చిరునవ్వుతో, తడబడక, ప్రశ్నకు తగిన బదులు చెప్పి తన పద్యములోనికి తిరిగి పోవలెను.

పరీక్షాధికారి సైకిలును గూర్చి యడుగుట కొంత యిట్టిదే. అతనికి సైకిలు ధర తెలిసికొనవలెనను కోరిక లేదు. ముందు తెలియని ప్రశ్నకు అప్పటికప్పుడు వాక్కు పలుకునా లేదా యని మాత్రమే అతడు చూచును. ముందు వ్రాసికొని వచ్చిన పద్యమును అవధానమున చదివినచో సభ నవ్వును. వల్లించి వచ్చిన సమాధానమును పరీక్షలో చెప్పినచో అధికారి పసిగట్టును.

నేటి పరీక్ష, నిజమైన సమాధానము

నేడు ఎక్కువమంది వ్రాయు ఐఈఎల్‌టీఎస్ పరీక్ష 1989లో మొదలయ్యెను. అందలి వాక్పరీక్ష 2001నుండి యిప్పటి రూపమున నున్నది. అది పదునొకండునుండి పదునాలుగు నిమిషములు సాగును. మొదట ఇల్లు, ఊరు, అలవాటులను గూర్చి నాలుగైదు నిమిషముల సంభాషణ. పిమ్మట ఒక చీటి నిత్తురు. ఒక నిమిషము ఆలోచించి, ఆ చీటిలోని విషయముపై ఒకటి రెండు నిమిషములు మాటాడవలెను. కడపట అదే విషయమును విశాలముగా చర్చింతురు. ధారాళముగను పొందికగను మాటాడుట, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణ – ఈ నాల్గింటికి సమానమైన తూకము. దొరలవలె యాస మార్చుకొనుట ఇందులో లెక్కకు రాదు. వినువానికి స్పష్టముగ తెలియవలెను. మాట తోచనపుడు దానిని వేఱు మాటలతో వివరించుట దోషము కాదు, గుణము. 'ఇరుసు'నకు ఇంగ్లీషు పేరు తోచకున్నచో, చక్రమునడుమ నుండి చక్రమును మోయు ఇనుపకడ్డీ యని చెప్పిన చాలును.

సైకిలునుగూర్చి డెల్టా యువకునికి చెప్పుటకు ఏమి కొదువ? పొడుగు చాలని వయసున దూలము క్రిందుగా కాలు దూర్చి తొక్కుట, కాలువగట్టుపై పడి మోకాలు చీరుకొనుట, వెనుకనుండి పట్టుకొన్న అన్న ఎప్పుడు విడిచెనో తెలియకయే ముందునకు సాగుట – ఇవి యన్నియు ప్రతియింటి యనుభవములు. పంక్చరు పడిన ట్యూబును నీటితొట్టిలో ముంచి, బుడగలు వచ్చినచోట గుర్తుపెట్టి, తుడిచి, గరుకు చేసి, జిగురు పూసి రబ్బరుముక్క యతికించుట చూడనివారు లేరు. గాలి, నీరు, బుడగ, రబ్బరు, జిగురు – ఇవి యన్నియు నాలుగవ తరగతి ఇంగ్లీషు మాటలే. వరుస తప్పక చెప్పినచో రెండు నిమిషములు చాలకపోవును. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎట్లు, ఏల యను అయిదు గడులలో అనుభవమును నింపుకొన్నచో, జమాఖర్చు పుస్తకమువలె లెక్క సరిపోవును.

విశాలమైన చర్చకును సామగ్రి సమీపముననే గలదు. 1991లో తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమమున, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహముతో, వేలకొలది గ్రామ స్త్రీలు చదువుతోపాటు సైకిలు తొక్కుటయు నేర్చిరి. ఒకరి తోడు లేకుండ సంతకును, పనికిని పోగలిగిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్ల పథకము ప్రారంభించెను. బడి దూరమైనచో ఆడపిల్ల చదువు మానిపించు తల్లిదండ్రులు, సైకిలు వచ్చిన పిమ్మట పంపసాగిరి. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించెను. ఈ విషయములు తెలిసినవాడు సైకిలు బీదవాని వాహనమని సిగ్గుపడడు. దానిలో స్వేచ్ఛ యెంత, ఆరోగ్య మెంత, పొదుపు ఎంత యని నిదానముగ విమర్శింపగలడు.

గ్రంథాలయము చేయదగిన పని

అక్షరమును వాహనమెక్కించుట ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు క్రొత్త కాదు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కృష్ణా కాలువపై పాతూరి నాగభూషణముగారు నడపిన పడవ గ్రంథాలయము కాలువవెంట గల యూళ్లకు పుస్తకములను చేర్చెను. పుస్తకము బీరువాలో నుండుట కాదు, మనిషిని చేరుట ముఖ్యమని ఆ పెద్దలు చూపిరి. వారి దారిని అనుసరింపదలచిన గ్రామ గ్రంథాలయము నేడు పుస్తకమును వాక్కువఱకు చేర్పవలెను.

అందుకు ధనముకన్న నియమ మవసరము. వారమున కొక సాయంకాలము పఠనమందిరపు బల్లచుట్టును పదిమంది పిల్లలు గూర్చుండి, చీటి తీసి, దానిలో వచ్చిన వస్తువును గూర్చి మొదట తెలుగున, పిదప ఇంగ్లీషున రెండేసి నిమిషములు మాటాడవచ్చును. సైకిలు, పడవ, కొబ్బరిచెట్టు, గొడుగు, తపాలాపెట్టె – ఏదైనను చాలును. మొదటి మాట తెలుగున నుండుట ముఖ్యము. తనభాషలో తిన్నగ చెప్పలేనిదానిని పరభాషలో ఎవ్వడును చెప్పలేడు. వినువారు నవ్వరాదు, తప్పు దిద్దువారు తొందరపడరాదు. సైకిలు నేర్పువాడు వెనుక పట్టుకొని పరుగెత్తును, సమయము చూచి విడుచును. భాష నేర్పువాడును అట్లే చేయవలెను.

తొక్కుట మాననంతవఱకు సైకిలు పడదు. పలుకుట మాననంతవఱకు భాషయు పడదు. రెండు శతాబ్దుల క్రిందట మన్‌హైము వీథిలో మొదటి చక్రము తడబడుచునే సాగెను. చెన్నపట్టణమున బ్రౌను పలికిన తొలి తెలుగు మాటలును తడబడియే యుండవచ్చును. తడబాటు సిగ్గుపడదగినది కాదు; నిలిచిపోవుటయే సిగ్గు. గౌతమీతీరపు బిడ్డలు తాము తొక్కిన సైకిలు ముచ్చటను తమ నోట, తమ మాటలలో చెప్పగలిగిన నాడు, తాకట్టు పెట్టిన ఎకరమును విడిపింపగలరు. వారికి చదువు చెప్పిన యూరికిని మంచిపేరు తేగలరు.